పూచీ ఎవరిది?

వారంటీ అనే మాట మన ఇళ్ళల్లోకి ఎప్పుడు వచ్చిందో గాని, వచ్చిన దగ్గర్నుంచీ బీరువాలో ఒక అర దానికే సరిపోతోంది. మిక్సీది, ఫ్రిజ్జుది, గీజరుది, సెల్‌ఫోనుది, అన్నీ కలిపి ఓ రబ్బరుబాండు వేసి దాచుకుంటాం. తీరా అవసరం పడి తీసి చూస్తే గడువు మొన్న శుక్రవారంతో అయిపోయి ఉంటుంది. లేదా పాడైన భాగం ఒక్కటి తప్ప మిగతా అన్నిటికీ వారంటీ వర్తిస్తుంది! ఈ చిత్రం మీలో చాలామందికి అనుభవమే అయి ఉంటుంది.

మన భాషలో దీనికి దగ్గరగా ఉన్న మాట పూచీ. మా చిన్నప్పుడు పాత బట్టలు తీసుకుని స్టీలు సామాను ఇచ్చే మనిషి వీధిలోకి వచ్చేవాడు. మా అమ్మ గిన్నెను తిప్పి తిప్పి చూసి, వేలితో కొట్టి చూసి, "అతుకు ఊడిపోతే?" అనేది. "నాదీ పూచీ తల్లీ, రేపు మళ్ళీ ఈ వీధిలోనే కదా తిరగాలి నేను" అనేవాడు అతను. ఆలోచిస్తే ఆ రెండో వాక్యంలోనే ఉంది బలమంతా. పూచీకి ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషికి ఒక మొహం ఉంది. ఆ మొహం మళ్ళీ మనకి చూపించాలి. కాయితం లేకపోయినా ఫరవాలేదు.

వారంటీకి కాయితం ఉంటుంది. మనిషే ఉండడు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మా పెద్దనాన్నగారి అబ్బాయి వాళ్ళింట్లో ఒక కారు బ్రేకు గురించి నడుస్తున్న తగువు వల్ల. కారు బ్రేకుకూ మనకూ ఏమిటి సంబంధం అని పేజీ తిప్పేయకండి. ఆ తగువు బ్రేకుతో మొదలైంది గాని, మొగుడూ పెళ్ళాల మధ్య చాలా పెద్ద ప్రశ్న దగ్గరికి వెళ్ళి ఆగింది. అందుకని ముందు ఆ బ్రేకు సంగతి కొంచెం ఓపిగ్గా వినాలి.

పాత కార్లలో డ్రైవరు పక్కన పొడుగాటి పిడి ఉండేది. చెయ్యి వేసి పైకి లాగితే కిర్రు కిర్రుమని మెట్లు మెట్లుగా లేచేది. ఇనప తీగ ఒకటి వెనక చక్రాలను బిగించేది. ఎంత బిగిసిందో లాగిన చేతికే తెలిసేది. తీగ సాగిపోతే పిడి ఎక్కువ లేచేది, అప్పుడు మెకానిక్కు దగ్గరికి వెళ్ళేవారు. ఇప్పుడు కొత్త బళ్ళలో ఆ పిడి తీసేసి చిన్న మీట పెడుతున్నారు. 2001లో వచ్చిన బి.ఎం.డబ్ల్యూ. 7 సిరీస్ కారుతో మొదలైన ఈ వాడుక, ఇప్పుడు మన మధ్యతరగతి వాళ్ళు అప్పుచేసి కొనే ఎస్.యు.వి.ల దాకా వచ్చింది. మీటను వేలితో పైకి లాగితే ఆ కబురు ఒక చిన్న కంప్యూటరు పెట్టెకు పోతుంది. అది వెనక చక్రాల దగ్గరున్న రెండు చిన్న మోటార్లకు చెబుతుంది. మోటారు తిరిగి పళ్ళ చక్రాలను తిప్పితే, లోపలున్న మరచుట్టు ముందుకు జరిగి, బ్రేకు పలకలను నొక్కిపెడుతుంది. ఎదురుగా ఎర్రదీపం వెలుగుతుంది. అంతే. బిగిసిందా లేదా అన్నది చేతికి తెలియదు. దీపాన్ని నమ్మాలి.

నేను యంత్రాలకు విరోధిని కాను. భుజాల నొప్పి ఉన్న ఆడవాళ్ళకు ఆ పిడి లాగడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఫ్లైఓవరు ఎక్కుతూ మధ్యలో ఆగవలసి వచ్చినప్పుడు ఈ మీట దేవుడిలా ఆదుకుంటుంది. అయితే దానికీ కొన్ని బలహీనతలున్నాయి. బ్యాటరీ నీరసించినా అది అలుగుతుంది. మోటారు దగ్గర తీగలు కలిసే చోట నీళ్ళో మట్టో చేరి చిలుము పట్టిందంటే, ఒక్కోసారి బిగించమంటే బిగించదు, ఒక్కోసారి వదలమంటే వదలదు. పాత రోజుల్లోలా కిందికి దూరి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే కుదరదు. కంప్యూటరు తగిలించి, దాన్ని బతిమాలి, మోటారును వెనక్కి తిప్పించాలి.

ఇప్పుడు డోంగ్లి సంగతి. కామారెడ్డి జిల్లాకు పడమటి కొసన, మహారాష్ట్ర సరిహద్దు దగ్గర ఉందా ఊరు. 2022లో మండలమయింది. అంతకు ముందు మద్నూరు మండలంలో ఉండేది. సంతలో నిలబడితే తెలుగూ మరాఠీ కన్నడం మూడూ ఒకేసారి వినిపిస్తాయి. పత్తి, సోయా, కంది పండే నల్లరేగడి నేలలు. ఎండాకాలం నెర్రెలు విచ్చి, చెయ్యి పట్టేటంత సందులు పడే ఆ నేల, రెండు వానలు పడిందంటే చెప్పుకు అంటుకుని చెప్పునే లాగేసుకుంటుంది. టైర్లకు పట్టి, లోపలి సందుల్లోకి దూరి, ఎండాక సిమెంటులా గట్టిపడుతుంది. అక్కడ చేలగట్ల మీద తిరగడానికని మా అన్నయ్య 2023 దసరాకు ఒక పెద్ద బండి కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే రకం. కంపెనీ పేరు చెప్పను. అందరూ ఒక్కలాంటివాళ్ళే, ఒకరి పేరు ఎత్తి ఏం లాభం?

ఆ బండి అమ్మకానికి పంచిపెట్టిన రంగుల పుస్తకం మా వదిన నాకు చూపించింది. మొదటి బొమ్మలోనే బండి ఒక వాగు దాటుతోంది. ఎర్రటి బురదనీళ్ళు రెండు పక్కలా రెక్కల్లా ఎగిరిపడుతున్నాయి. లోపలి పేజీలో ఎంత లోతు నీళ్ళలోకి దిగవచ్చో మిల్లీమీటర్లతో సహా వేశారు. వారంటీ మూడేళ్ళు.

2024 జూలైలో, మొదటి వానాకాలంలోనే, ఒక పొద్దున బండి కదలనన్నది. ఎర్రదీపం ఆరదు. వెనక ఎడమ చక్రం పట్టుకుపోయింది, కుడిది ఊరికే తిరుగుతోంది. మరో బండికెక్కించి పట్నంలో షోరూముకు చేర్చారు. విప్పి చూసినవాళ్ళు, మోటార్ల దగ్గర మట్టి, చిలుము ఉన్నాయి, ఇది తయారీలోపం కాదు, బయటినుంచి చేరినది, కాబట్టి వారంటీ చెల్లదు అన్నారు. కొత్తవి వేయడానికి 60 వేల పైచిలుకు అవుతుందన్నారు. వదిన చేతిసంచీలోంచి ఆ రంగుల పుస్తకం తీసి బల్లమీద పెట్టిందట. "బిడ్డా, గీ బొమ్మల ఉన్నది మట్టి కాదా మరి?" అందట. ఆ కుర్రాడు, పాపం, ఇరవై మూడో ఇరవై నాలుగో ఏళ్ళుంటాయి, తలదించుకుని "మేడమ్, సిస్టమ్‌ల రిజెక్ట్ అని వచ్చింది" అన్నాడు. "ఎవరు రిజెక్ట్ చేసిండ్రు?" అంటే అతనికీ తెలియదు.

కథ ఇంతవరకే అయితే దీని గురించి రాయవలసిన పని లేదు. ఇలాంటివి వీధికి పది. కాని అంతకుముందు ఒక విషయం జరిగింది. బండి విప్పేముందు ఆ కుర్రాడు వరసగా ప్రశ్నలు అడిగాడు. అందులో ఒకటి, "బండిని ప్రెషర్ వాష్ చేయించారా?" అని. అంటే పంపుతో నీళ్ళు జోరుగా కొట్టించి కడిగించడం. అన్నయ్య "లేదు" అన్నాడు. పక్కనే ఉన్న వదిన "రెండుసార్లు చేయించినం, రోడ్డు మీది దుకాణంల" అంది.

ఆ మాట కాయితం మీదికెక్కింది. తర్వాత వచ్చిన తిరస్కారంలో, యజమాని భార్యే ఒప్పుకున్నారు అని ఒక వాక్యం చేరింది.

దారిపొడుగునా అన్నయ్య మాట్లాడలేదట. ఇంటికొచ్చాక మాత్రం గట్టిగానే అన్నాడు. "కంపెనోడికి నిజం చెప్పి ఏం ఫాయిదా? వాడు మనకు చెప్పిండా, మట్టి తగిల్తే ఈ మోటరు పోతదని?" వదిన ఒక్కటే మాట: "అడిగిండు గనక చెప్పిన. అడగకపోతే నేనేం డప్పు కొట్టి చెప్పకపోదు."

ఇదీ ప్రశ్న. ఎదుటివాడు మాట తిప్పేవాడని తెలిశాక, అతనికి మనం నిజం బాకీ ఉంటామా? అందునా ఆ ఎదుటివాడు మనిషే కానప్పుడు?

అన్నయ్య వాదం తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఆ వారంటీ పుస్తకాన్ని మంచి మంచి వకీళ్ళు కూర్చుని రాశారు. ప్రతి సందూ ముందే పూడ్చారు. చేత్తో పట్టుకుంటే గాని చదవలేని చిన్న అక్షరాల్లో అచ్చువేశారు. కొనేవాడు అది చదవడని వాళ్ళకు తెలుసు. చదివినా ఒక్క అక్షరం మార్చమనే హక్కు అతనికి లేదని తెలుసు. అట్లాంటి ఆటలో మన చేతిలో ఉన్న ఒకే ఒక్క ముక్క మౌనం. దాన్నీ బల్లమీద పడేయమంటే ఎట్లా అంటాడు అన్నయ్య. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఇట్లాగే అంటారు.

పూర్వం మనవాళ్ళు ఈ అమ్మకం, కొనుగోలు విషయాల్లో ఏం చేశారో అని కాస్త తిరగేశాను. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కొన్నదీ అమ్మినదీ మనసు మార్చుకుని రద్దు చేసుకోవడానికి గడువులున్నాయి. వర్తకులకు ఒక రాత్రి, సేద్యం చేసేవాళ్ళకు మూడు రాత్రులు, పశువులు కాచేవాళ్ళకు అయిదు. వర్తకుడికి తక్కువ, రైతుకు ఎక్కువ ఇవ్వడంలో ఒక న్యాయం కనిపిస్తుంది. సరుకు గుణం తెలిసినవాడికి అంత వ్యవధి అక్కర్లేదు. యాజ్ఞవల్క్య స్మృతి ఇంకాస్త ముందుకుపోయి, కొన్న వస్తువును పరీక్షించుకోవడానికి ఒక్కోదానికి ఒక్కో గడువు పెట్టింది. విత్తనాలకు పది రోజులు, ఇనుముకు ఒక రోజు, బరువులు మోసే పశువుకు అయిదు, రత్నాలకు ఏడు, పాడిపశువుకు మూడు. మగ బానిసకు పదిహేను రోజులు, ఆడ బానిసకు నెల! ఆ చివరి లెక్క చదివి పుస్తకం మూసి కాసేపు పక్కన పెట్టాను. అమ్ముడుపోయిన ఆ మనిషికి యజమానిని పరీక్షించుకునే గడువు ఎన్ని రోజులో ఏ స్మృతిలోనూ నాకు కనిపించలేదు. పోనివ్వండి. మన ప్రస్తుతానికి పనికొచ్చేది, గడువన్నది వస్తువు స్వభావాన్ని బట్టి ఉండాలని వాళ్ళకు తోచడం. విత్తనం మొలకెత్తేదాకా ఆగాలి కదా. ఆ లెక్కన నల్లరేగడిలో తిరగడానికి కొన్న బండికి పరీక్ష ఎండాకాలపు తారురోడ్డు మీద కాదు, వానాకాలంలోనే.

ఇంకొక ఇల్లాలి కథ కూడా చెప్పాలి. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో 1955 మే నెలలో క్లాజ్ హెన్నింగ్‌సన్ అనే ఆయన, మాతృదినోత్సవానికి కానుకగా భార్య హెలెన్‌కు ప్లిమత్ కారు కొన్నాడు. పన్నెండో రోజున ఆవిడ ఒక్కతే నడుపుకుంటూ పోతుంటే కారు కిందినుంచి ఏదో విరిగినట్టు పెద్ద చప్పుడైంది. చేతిలో స్టీరింగు గిర్రున తిరిగింది. కారు పోయి ఇటుకగోడకు కొట్టుకుంది. అప్పటికది తిరిగింది 468 మైళ్ళు. ముందు భాగమంతా నుజ్జయిపోయింది గనక ఏ భాగం ముందుగా చెడిందో చెప్పలేని పరిస్థితి. కొన్న కాయితం వెనక చిన్న అక్షరాల్లో ఉన్న వారంటీ ప్రకారం, 90 రోజులు లేదా 4,000 మైళ్ళలోపు చెడిన భాగాన్ని కొన్నవాళ్ళే రవాణా ఖర్చు పెట్టుకుని కార్ఖానాకు పంపాలి. అది లోపమేనని కంపెనీకి తృప్తి కలిగితే కొత్తది ఇస్తారు. మనిషికి దెబ్బలు తగిలితే? దానితో వాళ్ళకు సంబంధం లేదు.

ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు 1960లో తీర్పు చెప్పింది. పెద్ద కార్ల కంపెనీలన్నీ కూడబలుక్కుని ఒకే వారంటీ కాయితం వాడుతున్నప్పుడు, కొనేవాడికి ఇంకోచోటికి పోయే దారే లేనప్పుడు, దాన్ని ఇద్దరు మనుషులు బేరమాడి చేసుకున్న ఒప్పందంగా చూడలేమంది. బండి మామూలు వాడకానికి పనికిరావాలన్న హామీ, కాయితంలో రాసినా రాయకపోయినా ఉంటుందంది. అంతేకాదు, కారు కొన్నది భర్త గనక భార్యకు అడిగే హక్కు లేదన్న వాదాన్ని కొట్టేసింది. హెలెన్ కొనలేదు, సంతకం పెట్టలేదు. నడిపింది, నమ్మింది, అది చాలు అన్నట్టే. ఈ తీర్పును ఇప్పటికీ లా కాలేజీల్లో చదువుతారు. మన దేశంలో 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలోనూ, ఏ పనికి కొంటున్నానో చెప్పి అమ్మేవాడి నేర్పును నమ్మి కొంటే ఆ పనికి వస్తువు సరిపోవాలన్న సూత్రముంది. దాని పక్కనే, ఫలానా పేరు వస్తువని పేరు చూసి కొన్నవాడికి అది వర్తించదన్న మినహాయింపూ ఉంది. ఇప్పుడు పేరు చూడకుండా కొనేదేముంది చెప్పండి, ఉప్పు దగ్గర్నుంచీ!

అయితే కంపెనీ వైపునుంచి కూడా ఒకసారి చూడాలి. మా బంధువుల్లోనే ఒకాయన కొత్త బండిని చెరువులోకి దింపి కడిగి, ఇంజన్లోకి నీళ్ళు పోయాక "ఏమో, దానంతటదే ఆగిపోయింది" అని వారంటీ కింద బాగు చేయించుకున్నాడు. విందు భోజనాల్లో ఇప్పటికీ ఆ ప్రజ్ఞ చెప్పుకుని నవ్విస్తూంటాడు. ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? కంపెనీవాడు ఇంట్లోంచి తేలేదు. ఇలాంటి ఖర్చులన్నీ లెక్కగట్టి బండి వెలలో ముందే కలుపుతారు. అంటే జాగ్రత్తగా నడుపుకునేవాళ్ళందరూ తలా కాస్త వేసుకుని ఆయన ఇంజను బాగుచేయించారన్నమాట. నష్టం కంపెనీదని మనం అనుకునే అబద్ధం తిరిగి తిరిగి మనలాంటివాళ్ళ మీదే వాలుతుంది. పైగా ఒక్క అబద్ధానికి కంపెనీవాడు ఒక కొత్త షరతు రాస్తాడు. ఆ షరతు తర్వాత నిజం చెప్పినవాడి మెడకు చుట్టుకుంటుంది. వారంటీ పుస్తకం లావెక్కడానికి వకీళ్ళ తెలివి ఎంత కారణమో మన తెలివీ అంతే కారణం.

కనుక దుర్వినియోగానికి వారంటీ లేదనడం అన్యాయమని నేననను. ఏ పని కోసం అమ్మారో ఆ పనికే లేదనడం అన్యాయం. వాగులో బొమ్మ వేసి, వానాకాలం వచ్చేసరికి "మట్టి తగిలింది కదా" అంటే, అది బొమ్మతో చెప్పిన అబద్ధం. బొమ్మ కూడా మాటే. పెళ్ళిచూపుల్లో ఫోటో చూపించడం మాట ఇవ్వడం కాదంటే ఒప్పుకుంటామా?

ఇంకో తమాషా గమనించండి. 2023 జూలైలో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ ఎఫ్-150 అనే పెద్ద బళ్ళను దాదాపు 8 లక్షల 70 వేలు వెనక్కి పిలిచింది. వెనక ఇరుసు దగ్గర తీగల కట్ట ఇరుసుకు రాసుకుని అరిగిపోయి, నడుస్తున్న బండిలో ఈ మీట బ్రేకు దానంతటదే బిగుసుకునే ప్రమాదముందని. ఉచితంగా చూసి బాగుచేస్తామన్నారు. అలాంటి లోపం మొదట ఎవరో ఒకరి బండిలోనే కనిపిస్తుంది. ఆ మొదటి మనిషిని షోరూములో ఏమని ఉంటారు? ఒక్కరికి వస్తే అజాగ్రత్త, లక్షమందికి వస్తే లోపం. మన దేశంలోనూ 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లోపమున్న బళ్ళను వెనక్కి పిలవమని కంపెనీని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. కాని ఆ లెక్కకు చేరాలంటే ముందు ఒక్కొక్కరు నిజం చెప్పి ఫిర్యాదు రాయాలి. "లేదు, కడగలేదు" అని రాసిన ఫిర్యాదులు వంద పోగైనా ఆ మోటారు ఎందుకు పోతోందో ఎవరికీ అంతుపట్టదు. బండి కడిగితే పోయే బ్రేకు అయితే, ఆ సంగతి బయటపడవలసిందే కదా! కడగకుండా ఉంచితే మట్టికి పోతుంది, కడిగితే నీటికి పోతుంది. మరి డోంగ్లివాళ్ళు ఏం చెయ్యాలి?

వదిన ఇంత దూరం ఆలోచించి చెప్పిందని నేను అనుకోను. అడిగితే ఆవిడకు నవ్వొస్తుంది. ఆవిడకు ఎదురుగా కనిపించింది కంపెనీ కాదు, ప్రశ్న అడుగుతున్న ఆ కుర్రాడు. ఆ అబ్బాయి కళ్ళల్లోకి చూస్తూ లేదనడం ఆవిడకు చేతకాలేదు. స్టీలు సామానువాడు మా వీధిలో ఎందుకు అబద్ధమాడలేకపోయాడో, సరిగ్గా అందుకే. కంపెనీకి మొహం లేకపోవచ్చు, మనకుంది కదా. వదిన చేసినది తెలివైన పని అని నేను వాదించను. 60 వేలంటే వాళ్ళకు తక్కువ డబ్బు కాదు, ఆ ఏడు పత్తి ధర కూడా అంతంత మాత్రమే. నిజం చెప్పినందుకు లాభం వస్తుందని పిల్లలకు కథలు చెబుతాం గాని, ఇక్కడ నిజమే వాళ్ళ కేసును బలహీనం చేసింది. అయినా చెప్పడమే సరైనదనిపిస్తోంది నాకు. అన్నయ్యకు ఇప్పటికీ అనిపించడం లేదు.

2019 నాటి కొత్త వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైనుంచి అమల్లోకి వచ్చింది. కొన్న చోటుకే పోనక్కర్లేదు, మనముండే చోటే జిల్లా కమిషన్లో ఫిర్యాదు చేయవచ్చు. వస్తువు వెల 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు, బండికి మాత్రం కట్టాలి. రెండేళ్ళలోపు వెయ్యాలి. మూడు నెలల్లో, వస్తువును పరీక్షకు పంపవలసి వస్తే అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ప్రయత్నించాలని.

వకీలుగారు ఫిర్యాదు రాసి చూపించినప్పుడు ప్రెషర్ వాష్ మాట అందులో లేదు. "మనమెందుకు రాయాలమ్మా, వాళ్ళే ఎత్తితే అప్పుడు చూద్దాం" అన్నారాయన. అన్నయ్యా అదే అన్నాడు. వదిన ఒప్పుకోలేదు. నాలుగో పేరాలో ఒక వాక్యం చేర్పించింది: బండిని రెండుసార్లు కడిగించాము, కడగకూడదని అమ్మేటప్పుడు మాకెవరూ చెప్పలేదు, అని. వకీలుగారు కళ్ళద్దాలు తీసి ఆవిడ వంక చూసి, మళ్ళీ పెట్టుకుని, రాశారట.

కంపెనీనుంచి జవాబు వచ్చింది. సంతకం ఉంది గాని పేరు చదవడానికి రాలేదు, కింద అధీకృత ప్రతినిధి అని ఉంది. వాయిదాలు పడుతున్నాయి. చేలపని ఆగదు గనక అన్నయ్య చేతి డబ్బు పెట్టి కొత్త మోటార్లు వేయించాడు. పాతవి షోరూములోనే వదిలేస్తామంటే వదిన ఊరుకోలేదు. పరీక్షకు అడిగితే కావాలని, వాటిని మట్టితో సహా గోనెసంచిలో చుట్టి, తాడు కట్టి, తేదీ రాసిన చీటీ గుచ్చి, కందుల గదిలో అటక మీద పెట్టింది.